ముడ్డిపూస

ఆ పాఠం మీద పండరినాథ్ సార్
అడ్డగీత గీసి పంపారు.
పెన్నుతో కాదు, పెన్సిల్‌తో. అదీ ఆయన మంచితనం.
"పరీక్షల అడగరమ్మా, ఇడిచిపెట్టు.
పోయిన నెల ముగ్గురు తండ్రులొచ్చి నా ముందట కూసున్నరు.
ముగ్గురు దేవుళ్ళు, కోపం మాత్రం ఒక్కటే.
మలక్‌పేట్‌ల ఆ ముగ్గురూ ఒక్క మాట మీదికొచ్చుడు
నా సర్వీసుల ఇదే మొదలు."

విడిచిపెట్టేదాన్నే.
ఇరవై రెండేళ్ళలో చాలా విడిచిపెట్టాను.
పునరుత్పత్తి పాఠాన్ని ఇంట్లో చదువుకోమని
కిటికీలోంచి బయటికి చూసినదాన్ని.

ఆ మంగళవారం తహ్సీన్ వచ్చింది,
మెట్ల మీంచి జారిపడ్డ పది రోజులకు,
చంకలో ఉస్మానియా వాళ్ళ ఎక్స్‌రే కవరు,
చేతిలో అమ్మీ కుట్టిచ్చిన గుండ్రటి దిండు.
"మేడమ్, డాక్టర్ దీన్ని తోకెముక అన్నడు.
లేని తోకకు ఎముక ఎందుకు?"

వెనక బెంచీలోంచి ఎవరో "ముడ్డిపూస" అన్నారు.
క్లాసంతా విరగబడి నవ్వింది.
తహ్సీన్ నవ్వలేదు.
నొప్పి పడుతున్న మనిషి ప్రశ్న అది.

ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకు పట్టాను.
నడుము అడుగున నాలుగు బుల్లి పూసలు
లోపలికి వంగి ఉన్నాయి.
వాటి వెనక నుంచి మెట్రో
దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళిపోయింది.
చెప్పడం మొదలుపెట్టాను. గీత కింద ఉన్నదంతా చెప్పాను.

రామంతాపూర్ పాస్టరు గారబ్బాయి జెఫన్యా లేచాడు.
"ఆరు రోజులల్ల చేసిండు మేడమ్ దేవుడు."
"సూర్యుడు నాలుగోనాడు పుడితే
ముందటి మూడు రోజులు ఎవరు లెక్కపెట్టిండ్రు?" ఓంకార్.
"మావోళ్ళు ఎన్నడో చెప్పిండ్రు. చేప, తాబేలు, పంది."
"తాబేలు పంది ఎట్లయిందో కూడా చెప్పిండ్రా?"
బల్లలు మోగాయి. నాకు భయమేసింది,
గోడకవతల పండరినాథ్ సార్ గది.

బడి వెనక గుండు వయసెంతో రాయమన్నాను,
రెండువందల యాభై కోట్ల ఏళ్ళు.
ఓంకార్ బోర్డు మీద సున్నాలు పెట్టుకుంటూ పోయి
ఒకటి తక్కువ పెట్టాడు.
"ఒక్క సున్నా పోతే ఎన్నేళ్ళు పోతయి మేడమ్?"
"రెండువందల ఇరవై అయిదు కోట్లు."
అప్పుడు, ఆ రోజంతటిలో అప్పుడొక్కసారే,
గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది.

పొద్దున దీపం పెట్టే బడికొచ్చాను నేను.
వత్తి మసి చూపుడువేలికి ఇంకా ఉంది.
పూసలు చూపించింది ఆ వేలితోనే.
పిల్లలు చూశారో లేదో.

మర్నాడు తహ్సీన్ దిండు సర్దుకుంటూ అంది.
"దాదీ చానాసేపు చూసింది మేడమ్ ఎక్స్‌రేని.
ఒళ్ళంతా మన్నయినా ఈ పూస కరగదట,
ఖయామత్ నాడు దీన్నుంచే
మనిషిని మళ్ళ లేపుతరట.
పెద్దలు చెప్పిండ్రట."

నా దగ్గర జవాబు లేకపోలేదు.
ఏ ఎముక ఎంతకాలానికి కరుగుతుందో
నాకు తెలుసు, చదువుకున్నాను.
కానీ ఆ ముసలావిడ,
ఎప్పుడూ చూడని నా పాఠం పక్కన,
కళ్ళద్దాలు తుడుచుకుంటూ
అవే నాలుగు పూసల్ని లెక్కపెడుతూ కనిపించింది.
నేను వాటిలో ఎక్కణ్ణుంచి వచ్చామో చూపించాను.
ఆవిడకు తిరిగి లేవడం కావాలి.

"రెంట్ల ఏది రాయాలె మేడమ్ పరీక్షల?"

"పరీక్షలో అడగరు" అన్నాను.
నోట్లోంచి వచ్చింది సార్ గొంతు.
ఆ పిల్ల నావైపు చూస్తూనే ఉంది,
రెండు తుంటెల మీద బరువు మార్చుకుంటూ.

సాయంత్రం స్టాఫ్‌రూమ్‌లో రబ్బరు అడిగి తీసుకుని
ఆ గీత చెరిపేశాను.
పోయింది.
కాగితం మీద గాడి మాత్రం ఉంది.
కంటికి కనబడదు,
వేలితో తడిమితే తెలుస్తుంది.