అస్తమానూ

ఇరవై ప్రశ్నలు. ఇంగ్లీషులోంచి దించుతున్నాను
అమలాపురంలో, ఎర్రవంతెన దగ్గర మేడమీది గదిలో.
కిందన జెరాక్సు షాపు, దాని వేడంతా నా అరికాళ్ళకి.

మొదటి చిక్కు జవాబుల దగ్గరే.
ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ.
ఐదు గళ్ళు.
"ఎల్లప్పుడూ" అని మా వైపు
ప్రార్థనలో తప్ప ఎవరూ అనరు.
కొట్టేసి "అస్తమానూ" అని రాశాను.
సూర్యుడు కుంకడం ఉందా మాటలో,
అయినా అది ఆగని పనికే పేరు.

రెండో చిక్కు "ఆయ్".
సఖినేటిపల్లి రేవులో మొదటి విడత కాగితాలు పంచితే
ఏదడిగినా ఆయ్ అన్నారు.
పనులు వాయిదా వేస్తున్నారా? ఆయ్.
ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటున్నారా? ఆయ్.
అది అవును కాదు. వింటున్నాం, చెప్పండి,
ఎండలో నిలబడ్డారు, కాసిని మజ్జిగ పుచ్చుకుంటారా, అని.
లెక్క వేస్తే రేవు రేవంతా జబ్బుపడ్డట్టు తేలింది.

సురబయా నుంచి వులన్ ఉత్తరం:
ఇదే కాగితాన్ని ఆమె తన వాళ్ళ భాషలోకి దించుతోంది.
అక్కడా చెరువులేనట, రొయ్యలేనట, రాత్రంతా మోటార్లేనట.
"వ్యసనానికి మా మాట కెతాగిహన్.
లోపల తాగిహ్ ఉంది, బాకీ వసూలు చెయ్యడం.
ఫోను రోజూ గుమ్మంలోకొచ్చి బాకీ అడుగుతుంది.
మీ మాట లోపల ఏముంది?"
తాగిహ్ అంటే నా చెవికి తాగి అనే వినబడింది, నవ్వొచ్చింది.
మా మాట లోపల ఏముందో మటుకు తెలీలేదు.
పేకాట, సారా, అంతే కదా అనుకుంటూ పెరిగాను.

నూకరాజు, చెరువు గట్టు మీద, పాకలో.
నెట్ కోసం నిద్ర మానుకుంటారా?
"నిద్ర మానుకోడానికేనండి నెట్టు.
కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయనుకోండి,
గంటలో సరుకంతా తెల్లగా తేలిపోద్దండి.
మూడింటికి నన్ను కూకోబెట్టేది ఈ కోతి వీడియోలేనండి.
రాసుకోండి, అస్తమానూ."
రాసుకున్నాను. ఐదు మార్కులు. దేనికో.

మలికిపురం దాటాక కాలవ పక్కిల్లు. కెజియా, పదో తరగతి.
తొమ్మిదో ప్రశ్న:
నెట్ లేని రోజున బెంగగా ఉంటుందా?
ఆ "బెంగ" నేనే ఏరుకున్నాను.
ఇంగ్లీషులో మూడు మాటలున్న చోట
ఇది ఒక్కటీ సరిపోయిందని ఎంత మురిశానో.
పిల్ల పెన్సిలు ఆపి అడిగింది:
"నెట్ మీదాండీ? అమ్మ మీదా?"

అమ్మ కువైట్‌లో ఉంది.
మేడంగారి పిల్లలు పడుకున్నాక
వంటగదిలో, చార్జరు దగ్గర నిలబడి ఫోను తీస్తుంది.

అరుగు మీద కొబ్బరి ఈనెలు గీస్తూ అమ్మమ్మ సువార్తమ్మ.
కాగితం పైన పేరు చదివి వినిపించాను:
అంతర్జాల వ్యసన పరీక్ష.
"యసనవా? ఉంటదమ్మా, ఎందుకుండదూ.
వాళ్ళమ్మ ఇమానం ఎక్కిన కాణ్ణించీ
ఇది యసనపడతానే ఉంది.
దానికి పరీచ్చెట్టాలా?"

ఆ రాత్రి నిఘంటువు తీశాను.
ముసలామె తప్పు చెప్పలేదు.
దుఃఖం అనీ ఉంది, జూదం పక్కనే, కామా పెట్టి.
బడికెళ్ళినవాళ్ళం మేం ఒకటే ఉంచుకున్నాం,
ఆవిడ రెండోది వదల్లేదు.
వులన్‌కి రాశాను: మా మాటలో బాకీ లేదు. ఏడుపుంది.

లెక్కలు చూసే సారు ఫోను చేశారు, విశాఖ నుంచి.
తొమ్మిదోది తక్కిన పందొమ్మిదితో కలిసి నడవట్లేదు మేడం,
తీసేస్తే కొలత గట్టిపడుతుంది,
తీసేద్దామా?
ఆయ్, అన్నాను.

కెజియా కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.
తొమ్మిది దగ్గర ఐదు గళ్ళూ ఖాళీ.
పక్కన అంచులో, పెన్సిలుతో, కుదురుగా:
రాత్రి పదకొండున్నరకి. శుక్రవారం ఉండదు.