దేశం గడి లేని పుస్తకం

మా సంఘం చావుల కోసం పుట్టింది.
నెలకు ఇరవై రాండ్లు,
మొదటి ఆదివారం, ప్రార్థన అయ్యాక,
మామ్ నోఫెజిలె కారు షెడ్డులో.
కారు ఎప్పుడూ లేదు. షెడ్డు మాత్రం ఉంది.

నేను కార్యదర్శిని.
చారల పుస్తకంలో నాలుగు గడులు గీశాను:
పేరు, ఇంటి నంబరు, కట్టిన సొమ్ము, వేలిముద్ర.
ఐదో గడికి కాగితం చాలలేదు.
అంతే. అందులో గొప్ప ఆలోచనేం లేదు.

మూలకొట్టు సోమాలీ, అబ్దిరషీద్,
చేరతానని వచ్చిన రోజు రెండు గంటలు గొడవ.
"వాళ్లకు పెట్టె ఉండదు, తెల్లగుడ్డే.
పొద్దుగూకేలోగా పూడ్చేస్తారు.
మన జాగారం, మన ఎద్దు, మన పాటలు
ఏవీ అక్కర్లేనివాడికి సభ్యత్వం దేనికి?"
అని లేచాడు ముసలి మ్బులేలో.
నోఫెజిలె వేళ్ల మీద లెక్కేసింది:
పెట్టె ఖర్చు మిగులు, ఎద్దు ఖర్చు మిగులు.
"లాభం వద్దనేవాళ్లు చెయ్యెత్తండి."
ఎవరూ ఎత్తలేదు.
అలా మా వీధికి సహనం వచ్చింది,
కూడికలూ తీసివేతల దారిన.

తర్వాత మలావీ దర్జీ చికొండి.
తర్వాత జడలల్లే రుతెండో,
వేలిముద్ర వెయ్యనంది, సంతకమే చేస్తానంది,
హరారేలో పంతులమ్మట.
సరేనన్నాను.
గడి ఇరుకై ఆమె పేరు తోక
పక్కింటివాళ్ల గడిలోకి పాకింది.

మే నెల. సముద్రం మీంచి చలిగాలి.
పంచదార బస్తాలు కాలితే
వాసన ఎంత తియ్యగా ఉంటుందో
ఆ రాత్రే తెలిసింది, పక్క వీధి నుంచి.
మా దగ్గర ఏమున్నాయి?
చావింటి వంటకు కొన్న
మూడుకాళ్ల ఇనప బానలు.
గరిటెలతో వాయించాం.
శవం లేకుండా అవి గుమ్మం దాటడం అదే మొదలు.
దుప్పట్లు చుట్టుకుని ముసలమ్మలు వచ్చారు.
మ్బులేలో వచ్చాడు, ఒంటి చెప్పుతో.

గుంపు ముందు లుఖాన్యో, చేతిలో పెట్రోలు సీసా.
"పుస్తకం ఇటివ్వు పిన్నీ.
బయటివాళ్లెవరో అందులో ఉంటుంది."
"ఉంటే నేనే చదువుతా," అన్నాను.
చదివాను, మొదటి పేజీ నుంచి.
ఇంటి నంబర్లు మింగేసి,
పేర్లన్నీ ఒకే గొంతుతో,
ఎవరు ఎన్ని నెలలు బాకీయో కూడా.
గుంపులో కొన్ని తలలు వంగాయి.
సిగ్గుతో కాదు, బాకీలతో.

ఎనభై ఆరో పేరు దగ్గర ఆగాను.
వాడి అమ్మమ్మ.
పెట్టె మోసిన నలుగురి పేర్లు
అంచున పెన్సిలుతో రాసుకోవడం నా అలవాటు.
వెనక, ఎడమ భుజం: అబ్దిరషీద్.

వాడు ఏడవలేదు. మారిపోలేదు.
"అది వేరు," అన్నాడు.
సీసా చెయ్యి మార్చుకుని
మళ్లీ "అది వేరు," అన్నాడు, ఈసారి మెల్లగా.
పోయారు.
పోతూ పోతూ కొట్టు అద్దం పగలగొట్టి
ఫ్రిజ్ ఎత్తుకుపోయారు.
గెలిచామని నేను రాయలేదు.
అద్దం ఒకటి, ఫ్రిజ్ ఒకటి, అని రాశాను.

మరుసటి ఆదివారం లేచింది
మళ్లీ ఆ మ్బులేలోనే:
"చచ్చాక మొయ్యడం మన పని, ఒప్పుకున్నాం.
చావకుండా కాయడం నియమాల్లో ఉందా?"
వెతికాను. లేదు.
రాయమన్నారు.
వెనక అట్ట లోపలివైపు రాశాను.
కాగితం అక్కడే మిగిలింది.

చికొండి మాత్రం ఆగలేదు.
కుట్టుమిషను తలకెత్తుకుని
బస్సుకు పోతూ నా గుమ్మం దగ్గర దించి
జూన్ నెల ఇరవై చేతిలో పెట్టాడు.
"అక్కడ నేను పోతే మీరెలా వస్తారు?"
అని తనే నవ్వాడు.
జవాబు తోచక రసీదు రాసిచ్చాను.

జూలై, ఆగస్టు ఖాళీ.
మూడు నెలలు కట్టకపోతే
పేరు కొట్టేయమని నియమం.
ప్రతి మొదటి ఆదివారం ఆ పేజీకి వస్తాను.
కలం ఆరిపోయిందంటాను.
ఎవరూ ఇంకో కలం ఇవ్వరు.