కొనే బంకు

రాయదుర్గం దాటి బళ్లారికి పోయే తోవలో
మా బంకు ఆఖరిది.
దీని తరువాత ఒక కల్లం, కంపచెట్ల గుంత,
తుప్పు పట్టిన పలక మీద తెలుగులో 'మళ్లీ రండి',
ఇంకో పది అడుగులకు కన్నడంలో 'సుస్వాగత'.
అంతే, ఆడ్నించి లీటరు మీద
ఏడెనిమిది రూపాయలు తగ్గిపోతాది.

లారీలోళ్లు మా కాడ నిలబెడతారు,
డీజిలుకు కాదు.
గాలికి. గాలి ఉచితం గదా.
టైర్లను సుత్తితో కొట్టి చూసుకుంటారు,
క్యాన్ల నిండా నీళ్లు పట్టుకుంటారు,
నా పంపు పక్క ఒకసారి చూసి
అప్పున్న అంగడి ముందర నడిచినట్ల
తల దించుకోని బండెక్కుతారు.
వాళ్ల తప్పేం లేదు.
మూడు నూర్ల లీటర్ల ట్యాంకు.
గుణించి చూస్తే నాకే కడుపులో తిప్పుతాది.

మా ఓనరు తిప్పేరుద్రప్ప
పొద్దున్నే మీటరు చూసి కండ్లద్దాలు తుడుచుకుంటాడు.
మళ్లీ చూస్తాడు. అదే అంకె.
"రాత్రి ఎవురూ రాలేదా హొన్నూరక్కా?"
"వచ్చినారు సామీ, ముగ్గురు.
ఒకాయప్ప చిల్లర అడిగె.
ఇంకొకాయప్ప దోవ అడిగె.
మూడో ఆయప్ప కుక్కకు బిస్కెట్టు ఏసి పోయె."

ఎండపొద్దు ఫకీరప్ప సారు వస్తాడు, నీడకు.
పిల్లోళ్ల నోటుబుక్కులో నడిమధ్య గీత,
ఎడమ పక్క మనం, కుడి పక్క వాళ్లు.
డీజిలు కాడ వాళ్లు గెలిచిరి.
కొత్త కారుకు కట్టే లైఫు ట్యాక్సు కాడ మనం గెలిస్తిమి.
చెత్తపన్ను రాసినాడు, ఎత్తేసిరి గదాని కొట్టేసినాడు.
మందు రేటు రాయబోతే
"అది వద్దులే సారూ" అంటి.
"రాయకుంటే లెక్క తప్పుతాదమ్మా,
ఊర్లో సగం సంసారాలు ఆ గడిలోనే ఉండాయి."
ఆరు నెల్లాయ. కూడిక ఇంకా తేలలా.
"యాడ బతికితే మేలు సారూ, తేల్చి చెప్పు."
పెన్ను మూత కొరుకుతా అనె:
"బండి ఈడ కొని, డీజిలు ఆడ పోసి,
గీత మీద నిద్ర పోయేవాడు తెలివైనోడు.
వానికి ఇల్లుండదు గానీ."

నా చెల్లెలు మారెక్కను ఆ పక్కకే ఇచ్చినాం,
నాలుగు మైళ్లు.
దాని సబ్బుబిళ్ల మీద, నా సబ్బుబిళ్ల మీద
ఒకే పన్ను. అగ్గిపెట్టె అంతే.
ఇద్దరం కూచోని ఎంత వెదికినా
మాకు తేడా దొరికేది బోరు కాడ:
దానికి ఆరు నూర్ల అడుగులకు నీళ్లు,
నాకు తొమ్మిది నూర్లకు తడిమట్టి.
ఈ పన్ను ఎవురేసిరో
సారు నోటుబుక్కులో గడి లేదు.

ఒక మాట చెప్తా, తిప్పేరుద్రప్ప చెవిన పడనీకండి.
పోయిన ఆదివారం మారెక్క ఇంటి నించి వస్తా
నా స్కూటీకి ఆడనే పోయించినా.
రెండు లీటర్లు. పదహైదు రూపాయలు మిగిలె.
పంపు పట్టుకున్న పిల్లోడు,
నా మాదిరే చొక్కా, నా మాదిరే చేతుల వాసన,
"కొనే బంకు అక్క అల్వా నీవు?" అనె.
వాళ్ల మాటలో కొనే అంటే ఆఖరు.
మా మాటలో కొనే అంటే కొనేది.
ఎవురూ కొనని కొనే బంకు.
నవ్వొచ్చి, మళ్లా రాలేదు.
అడక్కనే వెనక టైరుకు గాలి కొట్టినాడు.
ఐదు రూపాయలు ఇయ్యబోతే
"బేడమ్మా" అనేసె.

ఆ పదహైదు రూపాయలకూ బిస్కెట్లు కొంటి,
బంకు కుక్కకు.
పొట్లం మీద చీమలంత అక్షరాలు:
అన్ని పన్నులతో కలిపి.
అది తినె.
పలక దాటి ఆ పక్క పోయి,
సుస్వాగత కింద కాలెత్తి,
తీరిగ్గా తిరిగొచ్చి
నా పంపు కిందనే పండుకొనె.