పద్నాలుగు కొక్కేలు

సోహార్ క్యాంపుల, గేటు పక్క సెక్యూరిటీ గది గోడకు
పద్నాలుగు కొక్కేలు, పద్నాలుగు పచ్చ జాకెట్లు.
తొడుక్కునేటోళ్లం తొమ్మిదిమందిమి.

మంట లేస్తే ఎదురుపోవాల్సినోళ్లకు
జీతం లేదు, ఓవర్‌టైమ్ లెక్కల రాయరు.
పన్నెండు గంటల డ్యూటీ దిగినంక
గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు
ఇసుక బకెట్లు, నీళ్ల పైపు, స్ట్రెచర్.
స్ట్రెచర్ మీద ఉత్తుత్తి పేషంటు ఎప్పటికీ ఒక్కడే,
నేపాల్ థాపా.
మెట్లు దిగకముందే నిజంగనే గురక పెడుతడు.
ఎవ్వరం లేపం.

మెస్సు లైన్ల నిలబడి అడుగుత నేను,
చేతుల ప్లేటు ఉన్నప్పుడు మనిషి తప్పించుకోలేడని.
"ఏమిస్తరు?" అంటరు.
నెలకోసారి బిర్యాని అంటే నవ్వుతరు.
సర్టిఫికెట్ అంటే
"నంజుకోను పనికొస్తదా అన్నా?" అన్నడు పోశెట్టి.
నా దగ్గర జవాబు లేకుండె.
వాని వెనుక పది ప్లేట్లు ముందుకు జరిగినయి.

మే నెలల రెండువందల పన్నెండో గది.
ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డుకు
రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, నాలుగు ఫోన్లు.
పై మంచం మీద పోశెట్టి,
చెవులల్ల బిడ్డ చదివే రెండో ఎక్కం.
రెండు ఏళ్లు పద్నాలుగు దాక విన్నడట,
అటెన్క పొగ.
రఫీకుల్ కాలు పట్టి గుంజిండు.
వాని మాట వీనికి రాదు, వీని మాట వానికి రాదు,
"పానీ, పానీ" ఒక్కటే ఇద్దరికీ తెలుసు.

తెల్లారి వచ్చి, ఏమిస్తరని అడగకుండ
పదకొండో కొక్కెం మీది జాకెట్ తీసుకున్నడు.
మోకాళ్ల దాక వచ్చింది.

భయం మనిషిని తెస్తది. కని ఉంచదు,
ఇది నాకు ఆరేండ్లకు తెలిసింది.
భయపడి వచ్చినోళ్లు నెల తిరగకముందే
నడుము నొప్పి అంటరు, నైట్ షిఫ్ట్ అంటరు.
ఉండేటోళ్లు ఎందుకుంటరో సక్కగ చెప్పలేను.
డ్రిల్లు అయినంక షాజీ కాసే అల్లం సులేమానీ కావచ్చు.
వంటాయన మా గిన్నెల ఒక చాప ముక్క ఎక్కువేసి
చూడనట్టు మొఖం తిప్పుకునుడు కావచ్చు.
పోశెట్టిని అడిగితే అన్నడు:
"సైట్ల నేను నాలుగువేల డెబ్బయ్యారు నంబరు.
ఈడ మంట లేస్తే నా పేరు పెట్టి ఒర్లుతరు గదా."

నేర్చినోడు నేర్చినంత పట్టుకొని పోతడు.
ప్రతి జాకెట్ కాలరు లోపల బాల్‌పెన్నుతోటి పేర్లు,
ఒకదాని మీద గీత, కింద ఇంకొకటి:
ఓదేలు, బిస్వాస్, గుల్ జమాన్, మళ్ల ఒక ఓదేలు.
వీసా అయిపోయిన గీతలే అన్ని.
ఒక్కటి మాత్రం కాదు. దాని గురించి చెప్ప.

నెల కింద నా క్యాన్సిల్ కాయితాలు వచ్చినయి.
విజిల్ తీసి పోశెట్టి చేతుల పెట్టిన.
"నువ్వు మెస్సు లైన్ల నిలబడాలె ఇగ."
అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు,
"ఏమిస్తరన్నా?" అన్నడు, నవ్వకుండ.
ఇద్దరం కొంచెం సేపు అట్లనే నిలబడ్డం.
పోయేముందు నా కాలరు మీద గీత నేనే గీసుకున్న.
పెన్ను సరిగ పడలేదు, రెండుసార్లు గీయాల్సొచ్చింది.

మస్కట్ నుంచి విమానం.
ఎర్ర టోపీ పిల్ల నడుమ నిలబడి
చేతులు సాపి తలుపులు ఎక్కడున్నయో చూపెడుతాంది,
మాస్కు ఎట్ల కట్టుకోవాల్నో, పీప ఎట్ల ఊదాల్నో.
అందరు ఫోన్లల్ల ఉన్నరు.
నేనొక్కన్నే చూసిన, ఆఖరుదాక,
తల ఊపిన గూడ, ఆమెకు కనబడాలని.

వెనుక సీట్ల ఎవడో అప్పుడే గురక పెట్టిండు.
లేపబుద్ధి కాలేదు.