రెండు వేళ్ళ గుడ్డ

ఎనిమిది నెలలుగా నాకు రెండే బట్టలు:
ముందు జిప్పున్న నైటీ,
అది ఆరేదాకా ఇంకో నైటీ.
ఎవరైనా తలుపు కొడితే పైన ఒక తువ్వాలు.
గ్యాసబ్బాయికీ, పాలామెకీ
నేనొక పసుప్పచ్చ తువ్వాలుగానే
గుర్తుండి ఉంటాను.

బీరువా తలుపుకి అద్దం.
అందుకే దాన్ని జానెడు మాత్రమే తెరిచి,
లోపలికి చెయ్యి పెట్టి
తడుముకుని పిల్లదాని గుడ్డలు తీసేదాన్ని.
చీరల వరస వేళ్ళకు తగిలేది,
బదిలీ అయిపోయిన ఉద్యోగి
బల్లమీద వదిలిన ఫైళ్ళలాగా.

ఎవరూ ఏమీ అనలేదు, అదొకటి.
"బాలింతవి, ఏదైతే ఏం" అంది అత్త, ప్రేమగానే.
అమ్మ నడికట్టు కట్టింది, బిగించింది,
నా మొహం చూసి విప్పేసింది.
"నువ్వెట్టున్నా బాగుంటావు" అన్నాడాయన
ఫోన్లోంచి తలెత్తకుండా.
చూడకుండా చెప్పడానికి
చాలా తేలికైన మాట.

సోమవారంతో సెలవు అయిపోతుంది.
శనివారం మధ్యాహ్నం, పిల్లది నిద్రపోయాక
బీరువా తలుపు పూర్తిగా తెరిచాను.
మొదటి జీతంతో కొన్న వెంకటగిరి చీర,
బూడిద రంగు, వంకాయ అంచు.
దాని జాకెట్టు.
కింది హుక్కు పట్టింది.
దానిపైది పట్టినట్టే పట్టి ఊడింది.
ఆపైన నాలుగు వేళ్ళ ఖాళీ.
ఏడుద్దామనే కూర్చున్నాను గాని
ఈలోపు పిల్లది లేచింది,
ఏడుపు దాని వంతైంది.

స్టోన్‌హౌస్‌పేట, బియ్యం మండీల వెనక సందు.
మస్తాన్‌బీ టేపు చుట్టగానే
నేను పొట్ట లోపలికి లాక్కున్నాను.
"ఏందమ్మే, ఊపిరి బిగబట్టి కొలతిస్తుండావు?
రేపు ఆఫీసులో కూడా
బిగబట్టుకునే కూర్చుంటావా?
వదులు."
వదిలాను.
ఎన్నాళ్ళదో తెలీదు, చాలాసేపు వదిలాను.

నోట్‌బుక్కులో నా పాత పేజీ తీసింది.
"కామాక్షి, పోర్లుకట్ట."
పాత అంకెల మీద గీత కొట్టలేదు,
పక్కనే కొత్తవి రాసింది,
ఇంటి నంబరు మారినట్టు.

జాకెట్టు తిరగేసింది.
రెండు పక్కలా, కుట్టు లోపల
రెండేసి వేళ్ళ గుడ్డ మడిచి ఉంది.
ఎండ తగలని గుడ్డ,
కొన్ననాటి రంగు.
"ఎప్పుడు వదిలావు ఇది?"
"కుట్టిన్నాడే.
ఆడమనిషి ఒకే కొలతలో ఉంటదా యాడన్నా?"
సగం బ్లేడుతో కుట్లు తెంపుతుంటే
దారప్పోగులు ఒళ్ళో రాలాయి.
పిల్లది వాటికోసం వంగింది.

"వెనక మెడ ఎప్పట్లాగేనా, ఇంకాస్త దించేదా?"
ఎప్పుడూ అడుగుతుంది,
ఎప్పుడూ వద్దంటాను.
"దించు."
మిషను ఆపి నన్నొకసారి చూసింది.
నేనూ ఆశ్చర్యపోయాను,
కాని మాట వెనక్కి తీసుకోలేదు.

సోమవారం పొద్దున.
హుక్కులన్నీ పట్టాయి, కష్టపడకుండా.
పాత కుట్టు ఉన్నచోట సూది బెజ్జాల వరస
సన్నగా కనిపిస్తూనే ఉంది,
చెయ్యెత్తితే ఇంకా బాగా.
కనిపించనీ.
పెళ్ళికి ముందు పెట్టుకున్న వెండి జుంకాలు దొరికాయి,
ఒకదాని సీల మాత్రం దొరకలేదు,
పిల్లదాని లాగుకున్న పిన్నీసు ఊడదీసి
కొంగుకు పెట్టాను.
అది రాగిజావ చేత్తో కుచ్చెళ్ళు పట్టుకుంది.
చీర మార్చలేదు,
మరక లోపలి మడతలోకి పోయేట్టు
కుచ్చెళ్ళు మళ్ళీ పోసుకున్నాను.
అద్దంలో ఉన్నావిడ పాతావిడ కాదు.
బొట్టు మాత్రం అదే చోట పెట్టుకుంది.

గేటు దగ్గర గ్యాసబ్బాయి
బండ దించి, నన్ను చూసి,
నన్ను దాటి లోపలికి చూసి,
"ఇంట్లో అక్క లేదా మేడమ్?" అన్నాడు.

"నేనే" అని
నంబరు చెప్పాను.