మందం

కైర్న్స్‌లో, ఇన్‌లెట్ బురద ఒడ్డున
స్లిప్ మీదికి లాగి పెట్టారు దాన్ని.
ఒకే తరగతి గస్తీ పడవలు, ఒకే కొలత, ఒకే బూడిదరంగు యూనిఫాం.
తక్కినవాటిని ఎప్పుడో కోసి కిలోల లెక్కన అమ్మేశారు.
ఇది చివరి బెంచీది.
పక్కన ఒక పక్షి పేరు, మూడు పూతల కింద
ఇంకా చదవడానికొస్తోంది.

నా పని చిన్నది.
జిగురు పూసి, బొత్తామంత పరికరాన్ని ఇనుముకి ఆనించి
అది చెప్పిన అంకెని సుద్దతో అక్కడే రాయడం.
కట్టిననాడు ఆరు మిల్లీమీటర్లు.
ఇప్పుడు నాలుగున్నర. నాలుగు. రెండు పాయింట్ తొమ్మిది.
నీటిగీత దగ్గర ఒకచోట
అంకె రాలేదు.
వేలు దిగింది.

మూడోరోజు గేటు దగ్గర ఒక ముసలాయన.
మెర్విన్ టోల్‌హర్స్ట్. ఎనభైల్లో నాలుగేళ్లు
దీంట్లో వంటవాడట.
లోపలికి రానివ్వకూడదు.
హెల్మెట్ ఇచ్చాను.

ముందువైపు పోలేదాయన.
అక్కడ ఫిరంగి ఉండేది. ఇప్పుడు దాని పీటలో పన్నెండు బోల్టు కన్నాలు,
కన్నాల్లో వాననీళ్లు, నీళ్లలో దోమపిల్లలు.
నేరుగా వంటగదిలోకి దిగి
పొయ్యి ఉండిన గోడని అరచేత్తో చరిచాడు,
పాలు మానేసిన గేదెని చరిచినట్టు.

"తడిగడ్డి మీద పెట్టినా పొర్లుతుందనేవాళ్లం దీన్ని.
సూప్ గిన్నె నా ఒళ్లోనే ఉండేది."

ఎన్నిసార్లు పేల్చారు?

"ఒక్కసారి. మనుషుల మీద కాదు,
మనుషుల ముందున్న నీళ్ల మీద."

నీళ్లు లేచి పడ్డాయి. అవతల చెక్కపడవ తెరచాప దించేసింది.
ఏడుగురు. సొరచేప రెక్కల కోసం
ఉత్తరాన ఏదో దీవి నుంచి వచ్చినవాళ్లు.
గీత దాటారట.
"గీత నాక్కూడా ఎప్పుడూ కనపడలేదు," అన్నాడు.

మనుషుల్ని ఎక్కించుకుని పడవని తగలబెట్టారు.
ఆర్డరు.
అది మండుతుండగానే ఆయన అన్నం వండాడు.
పదమూడేళ్ల కుర్రాడొకడు మూత తీసి చూసి
మూత పెట్టేశాడు.
లేచొచ్చి, అడక్కుండా గిన్నె అందుకుని,
బియ్యం మీద వేలు నిలబెట్టి నీళ్లు కొలిచి
మళ్లీ వండాడు.
"అప్పట్నుంచీ నేనూ అంతే."
చూపుడువేలు ఎత్తి, మొదటి కణుపు
గోరుతో గీసి చూపించాడు.

మా ఇంట్లోనూ అదే కణుపు.
చెప్పలేదు.

మా లచ్చన్న మావ ఒకసారి వేటకెళ్లి
గాలికి ఎటో కొట్టుకుపోయి
భాష రాని జైల్లో పదకొండు నెలలున్నాడు.
తిరిగొచ్చాక ఎవరడిగినా ఇంతే చెప్పేవాడు:
"బూడిదరంగు పడవ. ముందర గొట్టం.
గొట్టం ఎనకాల ఓ గుంటడు.
ఆడికీ కాళ్లు వణుకుతున్నాయిరా."
నేను పాలిటెక్నిక్‌లో చేరిన ఏడు
వల కుడుతూ కుడుతూ తలెత్తి నన్నడిగాడు,
"మిషన్ల సదువు గదా నీది,
ఎంత మందముంటాదే ఆ పడవ రేకు?"
జానెడుంటుందేమో అన్నాను.
"అంతేలే, ఉండాల," అన్నాడు మావ
తృప్తిగా.

పెన్సిలు లావు కూడా లేదు మావా.
కొత్తలోనే లేదు.

మెర్విన్ ఇంకా ఆ గోడ దగ్గరే ఉన్నాడు.
"ఇక్కడ కూడా కొలువు."
జిగురు పూసి ఆనించాను.
అయిదు పాయింట్ ఎనిమిది.
పడవ మొత్తంలో ఇంత మందం ఇంకెక్కడా రాలేదు.
పరికరం పాడైందేమోనని మళ్లీ పెట్టాను. అదే అంకె.

"నూనె," అన్నాడాయన,
"నాలుగేళ్ల నా పోపు."
నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని
ప్యాంటుకి తుడుచుకున్నాడు.

సుద్దతో రాశాను, కొంచెం పెద్ద అక్షరాలతో.
సోమవారం కోసేవాళ్లొస్తారు.
అక్కడిప్పుడు పొద్దున్న ఆరు, మావ వల దులిపే వేళ.
కాసేపాగి ఫోన్ చేస్తాను,
అడిగితే
ఏ అంకె చెప్పాలో ఇంకా తేలలేదు.