పిల్లలకోడి

ఉదయగిరి దుర్గానికి ఆ పన్నెండు లైట్లు బిగించింది నేనే.
ఒక్కోటి నాలుగొందల వాట్లు.
మూడు రోజులు కేబుల్ చుట్ట భుజానేసుకుని కొండెక్కి దిగాను,
మోకాళ్ళు ఇంకా తిడుతూనే ఉన్నాయి.

స్విచ్ వేసిన రాత్రి
కింద బస్టాండులో జనం ఈలలేశారు.
కోట మాత్రం
పోలీసు టార్చి మొహాన పడ్డ ముసలాయనలా
కళ్ళు చికిలించుకుని నిలబడింది.
నీడలన్నీ చచ్చిపోయి
గోడ ఉత్త అట్టముక్కైంది.

నెల తిరిగేసరికి
పాత మసీదు గుమ్మటంలోంచి
గబ్బిలాలు బయటికి రావడం మానేశాయి.
తెల్లారితే లైట్ల కింద రెక్కల పొట్టు,
జొన్నలు చెరిగిన చోటులా.
చీపురు తెమ్మన్నాడు సూపర్‌వైజరు. అంతే.

కార్తీకం చలిలో మేకల చెంచమ్మ
మా గడప ముందు నిలబడి నిలదీసింది:
"ఏమబ్బయ్యా, నా పిల్లలకోడిని ఏం జేసినావు?"
"నేను కోళ్ళ జోలికే పోను గదమ్మా!"
కర్ర ఎత్తి పైకి చూపించింది.
"ఆడ. నడినెత్తికొస్తే సగం రాత్రి.
కోట మీదికి వాలితే మేకల్ని లేపాల.
మా నాయన కాణ్ణించీ అదే గడియారం.
నీ లైట్లొచ్చినాక తల్లీ లేదు, పిల్లల్లేవు."

చూశాను.
కొండ మీద విరిగిన పాలలాంటి మసక.
కోటకని పోసిన వెలుగులో సగం
కోటను తాకకుండానే పైకి పోతోంది.
బిల్లు మనది. ఆకాశం అడగనూ లేదు.

ఆదివారం స్పానర్ పట్టుకుని ఎక్కాను.
పామాయిల్ డబ్బాలు కోసి టోపీలు చేశాను,
చెయ్యి నాలుగు చోట్ల తెగింది.
లైట్ల మొహాలు కిందికి వంచాను.
ఐదింటిని పీకేశాను, ఎవరూ లెక్కపెట్టలేదు.
మిగతావాటికి పసుప్పచ్చ చిన్న బల్బులు,
గోడ పాదాన ఆముదం దీపమంత.
పక్కనుంచి పాకిన ఆ వెలుగులో
రాతి మీద ఉలి గాట్లు లేచి కూచున్నాయి.
ఒక్కో గాటూ
ఎవడిదో ఒక మిట్టమధ్యాహ్నం.

పదింటికి టైమర్ టక్కుమంది.
కోట ఎక్కడికీ పోలేదు.
చుక్కలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడ బురుజు.

ఈశాన్యం మూలదానికి నిచ్చెన అందలేదు,
దాని వైరూ వేరే. వదిలేశాను.

చెంచమ్మను పిలిచి చూపిస్తే
కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని లెక్కేసింది.
"తల్లొచ్చింది. పిల్లలు నాలుగే కనపడతన్నాయి,
ఇంకో రెండుండాల.
ఆ మూలది గూడా దించు."